ఇంటి వంటచెరకు కోతకు గొలుసు రంపం: ఎంపికలోను, స్థాయి పెంపులోను పాటించవలసిన క్రమం

సారాంశం

గృహావసరానికి వంటచెరకు కోసుకొనే కుటుంబాలు, చిన్న రైతులు గొలుసు రంపాన్ని ఎంచుకొనేటప్పుడు ఇంజను పరిమాణానికి, బార్ పొడవుకు అధిక ప్రాధాన్యం ఇస్తున్నారు. కొంతకాలానికి కోత మందగించగానే మరింత పెద్ద యంత్రం కొనడానికి సిద్ధపడుతున్నారు. ఏడాదికి అవసరమైన కలప పరిమాణం, ముక్క పొడవు, దుంగ వ్యాసం అనే మూడు కొలతల ఆధారంగా యంత్రాన్ని నిర్ణయించే పద్ధతిని ఈ వ్యాసంలో వివరించడమైనది. గృహస్థాయి కోతలో వేగాన్ని పరిమితం చేసే ప్రధాన కారకం ఇంజను శక్తి కాదని, చైన్ పదును అని సులభమైన లెక్కతో చూపి, స్థాయి పెంపు ఏ క్రమంలో జరగాలో సూచించడమైనది.

కీలక పదాలు: గొలుసు రంపం, వంటచెరకు, సర్కారు తుమ్మ, చైన్ పదును, పరిమితకారకం, భద్రత

పరిచయం

వంటగ్యాసు విస్తరించినప్పటికీ తెలుగు రాష్ట్రాల గ్రామాలలో కట్టెల పొయ్యి పూర్తిగా కనుమరుగు కాలేదు. స్నానానికి నీళ్లు కాచడానికి, పశువుల దాణా ఉడికించడానికి, శుభకార్యాల వంటకు కట్టెలు నేటికీ అవసరమవుతున్నాయి. నగరంలోనూ ఈ అవసరం వేరొక రూపంలో కనిపిస్తుంది. హైదరాబాదులోని నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వంటి పాత నివాస ప్రాంతాలలో ఇంకా మిగిలి ఉన్న పెరటి ఇళ్లలో వేప, మామిడి వంటి చెట్లు ఉన్నాయి. వేసవి చివర వీచే ఈదురుగాలులకు కొమ్మలు విరిగిపడతాయి. వాటిని తొలగించాలన్నా, ముక్కలుగా కోసి వాడుకోవాలన్నా గృహస్థునికి ముందుగా గుర్తుకు వచ్చేది గొలుసు రంపమే.

గొలుసు రంపం కొత్త సాధనమేమీ కాదు. జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్తుతో నడిచే గొలుసు రంపాన్ని రూపొందించారు. దానిని ఇద్దరు మనుషులు పట్టుకొని నడపవలసి వచ్చేది. నేటి చైన్ రూపానికి మూలం మాత్రం ఒక కీటకం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో కలప కోత పని చేసిన జోసెఫ్ కాక్స్ 1946లో చెక్కను తొలిచే పెంకు పురుగు లార్వాను గమనించారు. అది దవడలను ఎడమకు, కుడికి కదిలిస్తూ చెక్కను తొలుచుకుపోయే తీరును అనుసరించి, ఎడమ, కుడి పళ్లు ఒకదాని తరువాత ఒకటి వచ్చే చైన్‌ను తయారుచేశారు. కోత పని అంతా ఆ పన్ను అంచు మీదనే ఆధారపడి ఉంది. ఇంజను ఆ పన్నును చెక్క వద్దకు చేర్చే వాహకం మాత్రమే. ఈ వ్యాసంలోని వాదమంతా ఈ వాస్తవం మీదనే నిలిచి ఉంది.

కోయవలసిన కలప స్వభావం

మెట్ట ప్రాంతాల రైతుకు సులభంగా దొరికే వంటచెరకు సర్కారు తుమ్మ. ఇది మన నేలకు చెందిన చెట్టు కాదు. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో కడప జిల్లా కమలాపురం వద్ద దీనిని నాటారు. ఆనాటి ఉద్దేశం వంటచెరకు కొరత తీర్చడమే. నేడు ఇది చెరువు శిఖాలలోను, బంజరులలోను, పొలం గట్ల మీద విస్తరించిన ఆక్రమణ మొక్క. మొదలు నుంచే అనేక కాండాలుగా చీలి పెరుగుతుంది కనుక దుంగల వ్యాసం తరచుగా 20 సెం.మీ. లోపే ఉంటుంది. కలప మాత్రం గట్టిది, బరువైనది. దీనికి తోడు నల్లతుమ్మ, వేప, చింత, సుబాబుల్, జామాయిల్, సరుగుడు మన వద్ద కోతకు వచ్చే ఇతర జాతులు.

రంపం ఎంపికలో ఈ కలపకు సంబంధించిన మూడు లక్షణాలను గమనించాలి. మొదటిది గట్టిదనం. ఎండిన తుమ్మ, చింత చేవ పన్ను అంచును త్వరగా అరగదీస్తాయి. రెండవది ఇసుక, మట్టి. నేల మీద ఈడ్చి తెచ్చిన దుంగ బెరడులో ఇరుక్కున్న ఇసుక రేణువులు కలపకంటే ఎక్కువ హాని చేస్తాయి. మూడవది తేమ. పచ్చి కలప ఎండిన కలపకంటే సులభంగా తెగుతుంది. పైగా తేమ కలప పొడవునా ఉన్న నాళాల చివరల నుంచి వేగంగా బయటికి పోతుంది కనుక పొట్టి ముక్కలు పొడవాటి దుంగలకంటే ముందుగా ఆరతాయి. కాబట్టి పచ్చిగా ఉండగానే కోసి, చీల్చి, ఆ తరువాత ఎండబెట్టడం సరియైన వరుస. జనవరి నుంచి మార్చి వరకు కోసి, వేసవి ఎండకు ఆరబెట్టి, జూన్‌లో నైరుతి రుతుపవనాలు రాకముందే కప్పు కిందికి చేర్చడం మన వాతావరణానికి అనువైన పద్ధతి.

ఆరబెట్టడం వల్ల కలిగే మేలును విద్యార్థులు అంకెలలో గ్రహించాలి. 50 శాతం తేమ ఉన్న కిలో కట్టె నుంచి సుమారు 1,900 కిలో కేలరీల ఉపయోగకర ఉష్ణం లభిస్తే, 20 శాతం తేమ ఉన్న కిలో కట్టె నుంచి సుమారు 3,400 కిలో కేలరీలు లభిస్తాయి. ఆరేటప్పుడు కట్టె బరువు కూడా తగ్గుతుంది కనుక ఒకే దుంగ నుంచి వచ్చే మొత్తం ఉష్ణంలో పెరుగుదల పదో వంతు ఉంటుంది. అసలు లాభం పొగ తగ్గడం, మంట నిలకడగా ఉండడం. పొయ్యి ముందు కూర్చునే స్త్రీ ఆరోగ్యానికి, ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉన్న నగర వీధికి ఇది ముఖ్యమైన విషయం.

పని పరిమాణం: ఒక సులభమైన లెక్క

యంత్రం ఎంత పెద్దదిగా ఉండాలనే ప్రశ్నకు ముందు పని ఎంత ఉందో తెలియాలి. దుంగలను ముక్కలుగా కోసేటప్పుడు మొత్తం కోత వైశాల్యం కలప ఘనపరిమాణాన్ని ముక్క పొడవుతో భాగించగా వచ్చే విలువకు దాదాపు సమానం. ఒక ఘనమీటరు కలపను 40 సెం.మీ. ముక్కలుగా కోయాలంటే 2.5 చదరపు మీటర్ల కోత అవసరం. దుంగ వ్యాసం 20 సెం.మీ. అయినా, 40 సెం.మీ. అయినా ఈ విలువ మారదు. సన్నని దుంగలో కోతలు ఎక్కువ, ఒక్కొక్కటి చిన్నది. లావు దుంగలో కోతలు తక్కువ, ఒక్కొక్కటి పెద్దది. ముక్క పొడవును 30 సెం.మీ.కు తగ్గిస్తే మాత్రం కోత 3.3 చదరపు మీటర్లకు పెరుగుతుంది. అనగా పని పరిమాణాన్ని నిర్ణయించేవి కలప మొత్తం, ముక్క పొడవు. దుంగ వ్యాసం నిర్ణయించేది బార్ పొడవును మాత్రమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పచ్చి కలప ఘనమీటరు బరువు జాతిని బట్టి మారుతుంది. లెక్క సౌలభ్యానికి దానిని ఒక టన్నుగా భావిద్దాం. 20 సెం.మీ. వ్యాసం గల దుంగలైతే టన్ను కలపకు సుమారు 32 మీటర్ల పొడవు, 40 సెం.మీ. ముక్కలకు సుమారు 80 కోతలు వస్తాయి. పదునైన చైన్ ఉన్న చిన్న రంపంతో ఒక్కొక్క కోతకు 15 సెకండ్లు పడుతుందనుకుంటే 20 నిమిషాల కోత సమయం. అదే రంపం మొద్దుబారి ఒక్కొక్క కోతకు 45 సెకండ్లు తీసుకుంటే ఒక గంట. దాని బదులు పెద్ద యంత్రం కొని, పదునైన చైన్‌తో కోతను 10 సెకండ్లకు తగ్గిస్తే 13 నిమిషాలు. పెద్ద యంత్రం వల్ల టన్నుకు ఆదా అయ్యేది 7 నిమిషాలు. పదును లేకపోవడం వల్ల నష్టపోయేది 40 నిమిషాలు. ఏడాదికి రెండు టన్నులు వాడే కుటుంబానికి పెద్ద యంత్రం వల్ల మిగిలేది పావుగంట కూడా కాదు. దుంగను ఎత్తడం, నిలపడం, ముక్కలను పేర్చడం వంటి పనులకు పట్టే సమయం దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది.

పంట దిగుబడి అత్యల్పంగా లభించే పోషకం మీద ఆధారపడుతుందని చెప్పే లీబిగ్ కనిష్ఠ నియమం సస్యశాస్త్ర విద్యార్థులకు సుపరిచితం. జింకు లోపించిన పొలంలో యూరియా బస్తాలు పెంచినా దిగుబడి పెరగదు. అలాగే పదును లోపించిన రంపానికి ఇంజను శక్తి పెంచినా వ్యయం, ప్రమాదం పెరుగుతాయే తప్ప పని సాఫీగా సాగదు.

యంత్ర రకాల ఎంపిక

ఏడాదికి పావు టన్నుకు లోపు, అదీ 10 సెం.మీ. మించని కొమ్మలే కోయవలసి ఉంటే యంత్రం అవసరం లేదు. మంచి చేతి రంపం చాలు. నల్లకుంట వంటి ప్రాంతాల పెరటి ఇళ్లలో చాలావాటికి ఈ సలహాయే వర్తిస్తుంది.

అంతకు మించిన పని ఇంటి ఆవరణలోనే ఉంటే తీగతో నడిచే విద్యుత్ రంపం అనువైనది. ధర తక్కువ, ఇంధనం కలపనక్కరలేదు, శబ్దం తక్కువ. అయితే 2 కిలోవాట్ల రంపం 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. కనుక 6 ఆంపియర్ల మామూలు సాకెట్ పనికిరాదు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ కావాలి. ఎక్స్‌టెన్షన్ తీగ కనీసం 2.5 చదరపు మి.మీ. రాగి తీగగా ఉండాలి. సన్నని, పొడవాటి తీగ వాడితే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది. లీకేజీ విద్యుత్తును గుర్తించి సరఫరాను నిలిపివేసే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్ తప్పనిసరి. తడిలో వాడరాదు.

బ్యాటరీ రంపాలు తేలికగా మొదలవుతాయి, తీగ ఆటంకం ఉండదు. కొనేముందు బ్యాటరీ సామర్థ్యాన్ని లెక్కించాలి. 36 వోల్టులు, 4 ఆంపియర్ గంటల బ్యాటరీలో నిల్వ ఉండేది 144 వాట్ గంటలు. కోత సమయంలో సగటున ఒక కిలోవాట్ వినియోగమైతే అది 9 నిమిషాలలోపే అయిపోతుంది. పై ఉదాహరణలోని టన్ను కలపకు రెండు మూడు బ్యాటరీలు, లేదా మధ్యలో ఛార్జింగ్ విరామాలు అవసరం. అదనపు బ్యాటరీ ధరను కూడా యంత్రం ధరలో కలిపి చూడాలి.

పొలం గట్ల మీద, విద్యుత్తు అందని చోట పెట్రోలు రంపమే ఆధారం. 30 నుంచి 40 సి.సి. ఇంజను, 1.3 నుంచి 1.8 కిలోవాట్ల శక్తి, 14 లేదా 16 అంగుళాల బార్ ఉన్న యంత్రం గృహావసరానికి సరిపోతుంది. 25 సెం.మీ. మించిన దుంగలు తరచుగా వచ్చే చోట, ఏడాదికి అనేక టన్నులు కోసే చోట 45 నుంచి 55 సి.సి., 2 కిలోవాట్లకు పైబడిన యంత్రం సమంజసం. సి.సి. అనేది సిలిండరు ఘనపరిమాణమే కాని శక్తి కాదు. విపణిలో 58 సి.సి., 22 అంగుళాల బార్ అనే ప్రకటనతో చౌకగా లభించే యంత్రాలు రైతులను ఆకర్షిస్తున్నాయి. అటువంటి వాటిని కొనేముందు కిలోవాట్లలో శక్తి ఎంత, చైన్ బ్రేక్ పనిచేస్తున్నదా, విడిభాగాలు దగ్గరలో దొరుకుతాయా అన్న మూడు ప్రశ్నలు అడగాలి. సికింద్రాబాదు రాణీగంజ్ వంటి యంత్ర సామగ్రి విపణికి వెళ్లే రైతు యంత్రంతో పాటు దాని చైన్, స్ప్రాకెట్ కూడా అక్కడే చూసి, అవి తన ఊరి సమీప పట్టణంలో లభిస్తాయో లేదో నిర్ధారించుకోవాలి.

యాంగిల్ గ్రైండర్‌కు బిగించే గొలుసు రంపపు అమరికలు కూడా చౌకగా అమ్ముడవుతున్నాయి. వీటికి చైన్ బ్రేక్ ఉండదు, వెనుక, ముందు పట్టులు సరిగా ఉండవు. వీటిని ఎవరికీ సిఫారసు చేయరాదు.

బార్, చైన్

బార్ ఉపయోగకర పొడవు సాధారణంగా వచ్చే దుంగ వ్యాసంకంటే కనీసం 5 సెం.మీ. ఎక్కువ ఉంటే చాలు. 20 సెం.మీ. సర్కారు తుమ్మకు 14 అంగుళాల బార్, అనగా 35 సెం.మీ., సమృద్ధిగా సరిపోతుంది. చిన్న ఇంజనుకు పొడవాటి బార్ బిగిస్తే చైన్ వేగం తగ్గుతుంది, బార్ చివరి వరకు నూనె చాలదు, కొన నేలకు తగిలే అవకాశం పెరుగుతుంది.

చైన్ కొనేటప్పుడు పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య అనే మూడు కొలతలూ కలవాలి. వరుసగా మూడు రివెట్ల మధ్య దూరంలో సగం పిచ్. బార్ గాడిలో ఇమిడే లింకు మందం గేజ్. చిన్న రంపాలకు సాధారణంగా 3/8 అంగుళం లో ప్రొఫైల్, మధ్యస్థ రంపాలకు 0.325 అంగుళం పిచ్ చైన్ వస్తుంది. పన్ను మూల చతురస్రంగా ఉండే ఫుల్ చిజెల్ రకం శుభ్రమైన మెత్తని కలపలో వేగంగా కోస్తుంది కాని ఇసుక తగలగానే మొద్దుబారుతుంది. మూల గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ రకం కొంత నిదానమైనా, ఎండిన, మట్టి అంటిన మన కలపలో పదునును ఎక్కువసేపు నిలుపుకొంటుంది. గృహావసరానికి సెమీ చిజెల్ చైన్‌నే సిఫారసు చేయాలి.

పదును: అసలైన పరిమితకారకం

చైన్ మొద్దుబారిందని తెలిపే గుర్తులు స్పష్టమైనవి. పదునైన చైన్ నుంచి చిన్న పేళ్లు రాలతాయి, మొద్దుబారిన చైన్ నుంచి పిండి వంటి పొట్టు వస్తుంది. రంపం తన బరువుతోనే దిగకుండా చేతితో నొక్కవలసి వస్తుంది. నూనె అందుతున్నా కోతలో పొగ వస్తుంది. ఒకవైపు పళ్లు ఎక్కువ అరిగితే కోత వంకరపోతుంది.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. 3/8 లో ప్రొఫైల్ చైన్‌కు సాధారణంగా 4.0 మి.మీ., 0.325 చైన్‌కు 4.8 మి.మీ. వ్యాసం గలది వాడతారు. చాలా చైన్లకు పై అంచు కోణం 30 డిగ్రీలు. చైన్ పెట్టె మీద ఇచ్చిన విలువే తుది ప్రమాణం. ఆకురాయిని లోపలి నుంచి బయటికి, ఒకే దిశలో నెట్టాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. ఒకవైపు పళ్లన్నీ పూర్తిచేసి రెండవ వైపు మొదలుపెట్టాలి. అన్ని పళ్ల పొడవు సమానంగా ఉండాలి. ప్రతి పన్ను ముందు ఉండే డెప్త్ గేజ్ పన్ను ఎంత లోతుగా కొరకాలో నిర్ణయిస్తుంది. పదును పెట్టే కొద్దీ పన్ను ఎత్తు తగ్గుతుంది కనుక, నాలుగైదు సార్లకు ఒకసారి కొలతపట్టీ ఉంచి డెప్త్ గేజ్‌ను చదునైన ఆకురాయితో సరిచేయాలి. సాధారణ విలువ పన్ను అంచుకు 0.65 మి.మీ. దిగువ. అంతకంటే ఎక్కువ తగ్గిస్తే రంపం కుదుపుతూ చెయ్యి జారే ప్రమాదం ఉంది.

ఇంధనం నింపిన ప్రతిసారీ పన్నుకు రెండు మూడు సార్లు ఆకురాయి తగిలించడం, రాయికో నేలకో తగిలిన వెంటనే ఆపి పదును పెట్టడం అలవాటు కావాలి. దుంగను నేల మీద కాక ఎక్స్ ఆకారపు చెక్క చట్రం మీద ఉంచి కోస్తే పదును నిలుస్తుంది, నడుము నొప్పీ తగ్గుతుంది.

స్థాయి పెంపు క్రమం

చేతిలో ఉన్న రంపం చాలడం లేదని భావించినప్పుడు ఈ క్రమం పాటించాలి.

1. రక్షణ సామగ్రి, సరియైన ఆకురాయి, డెప్త్ గేజ్ కొలతపట్టీ సమకూర్చుకోవడం.
2. రెండవ చైన్ కొనడం. రెండింటినీ మార్చి మార్చి వాడితే పొలంలో పని ఆగదు.
3. దుంగను నిలిపే చట్రం చేయించుకోవడం.
4. బార్‌ను తరచుగా తిరగేసి బిగించడం, గాడి శుభ్రం చేయడం, అంచులు అరిగితే మార్చడం. సుమారు రెండు చైన్లు అరిగేసరికి స్ప్రాకెట్ మార్చడం.
5. గాలి వడపోత, స్పార్క్ ప్లగ్, ఇంధన వడపోత సరిచూడడం.
6. ఇవన్నీ జరిగిన తరువాత కూడా దుంగల వ్యాసం బార్ పొడవును తరచుగా మించుతుంటే, లేదా కలప అమ్మకం వంటి కొత్త పని చేరితే పెద్ద యంత్రం కొనడం.

ఈ క్రమానికి ఒకే మినహాయింపు ఉంది. చైన్ బ్రేక్ లేని, లేదా అది పనిచేయని, ట్రిగ్గర్ వదిలినా చైన్ తిరుగుతూనే ఉండే యంత్రాన్ని వెంటనే పక్కన పెట్టాలి. బాగుచేయడానికి వీలుకాకపోతే దానిని మార్చడం మొదటి మెట్టు అవుతుంది.

ఇంధనం, నూనె

రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతో పాటు నూనె కలపాలి. 50:1 నిష్పత్తి అంటే లీటరుకు 20 మి.లీ., 25:1 అంటే 40 మి.లీ. తయారీదారు సూచించిన నిష్పత్తిని కొలపాత్రతోనే కలపాలి, కంటి అంచనాతో కాదు. నేడు మన దేశంలో పెట్రోలులో 20 శాతం వరకు ఎథనాల్ కలుస్తున్నది. ఎథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏడాదిలో కొద్ది రోజులే వాడే రంపం ట్యాంకులో ఇంధనం నెలల తరబడి నిలిస్తే కార్బురేటరు దెబ్బతింటుంది. యంత్రం ఎంత శాతం ఎథనాల్‌కు అనుమతి ఉన్నదో కొనేముందే చూడాలి. పని ముగియగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట ఆగేవరకు నడిపి భద్రపరచాలి.

బార్‌కు కాలిన ఇంజను నూనె వాడే అలవాటు మన వద్ద ఉంది. అందులోని లోహపు రజను బార్‌ను, పంపును అరగదీస్తుంది. ఆ నూనె నేలలోకి, కట్టె మీదికి, మనిషి చర్మం మీదికి చేరుతుంది. దీనిని మాన్పించాలి. బార్ నూనె దొరకనప్పుడు తాజా ఎస్.ఏ.ఇ. 30 నూనె మేలు.

భద్రత, చట్టం

పూర్తి వేగంలో చైన్ సెకండుకు 20 మీటర్ల వరకు కదులుతుంది. బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే రంపం క్షణంలో నడిపేవారి ముఖం వైపు ఎగిరిపడుతుంది. దీనినే కిక్‌బ్యాక్ అంటారు. రెండు చేతులతో, బొటనవేలు పిడి చుట్టూ చుట్టి పట్టుకోవడం, భుజం ఎత్తు దాటి కోయకపోవడం, నిచ్చెన మీద నుంచి కోయకపోవడం ప్రాథమిక నియమాలు. శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది కనుక చెవి రక్షణ, ముఖానికి జాలీ ఉన్న శిరస్త్రాణం, కాళ్లకు రక్షణ వస్త్రం, గట్టి బూట్లు ఉండాలి. లుంగీ, వేలాడే కండువా, పైట కొంగు, చెప్పులతో రంపం పట్టరాదు. సర్కారు తుమ్మ కోసేటప్పుడు ముందుగా ముళ్ల కొమ్మలను కత్తితో తొలగించి, కాలు మోపడానికి చోటు చేసుకోవాలి. విద్యుత్ తీగలకు సమీపంలోని కొమ్మను స్వయంగా కోయరాదు. విద్యుత్ పంపిణీ సంస్థకు తెలిపి సరఫరా నిలిపివేసిన తరువాతనే శిక్షణ పొందినవారు కోయాలి.

చేతిలో రంపం ఉన్నంత మాత్రాన చెట్టు కొట్టే హక్కు రాదు. వాల్టాగా పిలిచే 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టం ప్రకారం సొంత స్థలంలోని చెట్టును నరకడానికి కూడా అనుమతి అవసరం. మినహాయింపు పొందిన జాతుల వివరాలను, కలప రవాణా నియమాలను అటవీశాఖ కార్యాలయంలో ముందుగా తెలుసుకోవాలి. నగరంలో గాలికి పడిన చెట్టు వీధిలో ఉంటే అది మహానగర పాలక సంస్థ బాధ్యత.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

కృషి విజ్ఞాన కేంద్రాలలో యంత్రాల ప్రదర్శన సాధారణంగా కొత్త యంత్రంతో, కొత్త చైన్‌తో జరుగుతుంది. ఆ రోజు అన్ని యంత్రాలూ బాగానే కోస్తాయి. దాని బదులు రైతులు తమ పాత రంపాలను తెచ్చుకొనేలా ఆహ్వానించి, ఒకే దుంగ మీద పదునుకు ముందు, పదును తరువాత కోత సమయాన్ని గడియారంతో కొలిచి చూపితే ఫలితం వారి కళ్లముందే నిలుస్తుంది. ఇందుకు ఒక సుబాబుల్ దుంగ, రెండు కొలతల ఆకురాళ్లు, ఒక పూట సమయం చాలు. యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలు రంపంతో పాటు శిరస్త్రాణం, కాళ్ల రక్షణ వస్త్రం కూడా ఇచ్చేలా, చైన్ బ్రేక్ పరీక్షించకుండా యంత్రాన్ని బయటికి పంపకుండా చూడాలి. విద్యార్థులు తమ గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఒక్కొక్క ఇంటి వార్షిక కట్టెల పరిమాణం, ముక్క పొడవు, దుంగ వ్యాసం నమోదు చేస్తే ఆ గ్రామానికి తగిన రంపం ఏదో స్థానిక ఆధారంతో చెప్పవచ్చు.

ముగింపు

గృహస్థాయి వంటచెరకు కోతలో ఏడాదికి యంత్రం నిజంగా కోసే సమయం ఒకటి రెండు గంటలకు మించదు. ఆ కొద్ది సమయం కోసం చిన్న రైతు పెద్ద యంత్రం మీద అప్పు చేయనవసరం లేదు. కలప కొలత తెలుసుకొని, దానికి తగిన చిన్న రంపం కొని, మిగిలిన సొమ్ములో కొంత రక్షణ సామగ్రికి, కొంత ఆకురాయికి వెచ్చిస్తే పని సులువవుతుంది, రంపం పట్టినవారు క్షేమంగా ఉంటారు.